నాన్న నవ్వు ఎరియర్స్

మా నాన్నకి నవ్వు మూడు రోజులు ఆలస్యంగా వస్తుంది.

శనివారం సాయంత్రం జోకు వింటే మంగళవారం పొద్దున నవ్వుతారు. ఒక్కోసారి బుధవారం. మధ్యలో పండగ సెలవొస్తే గురువారం దాకా వెళ్ళిన సందర్భాలు కూడా ఉన్నాయి. పోనీ జోకు అర్థం కాలేదేమో అనుకుందామా అంటే, అప్పటికప్పుడు అడిగితే దాని తాత్పర్యం మొత్తం చెప్పేవారు, ముఖంలో ఏ కదలికా లేకుండా. అర్థమవుతుంది, లోపలికి వెళ్తుంది, అక్కడ ఏ టేబుల్ మీద ఏ ఫైలు కింద పడి ఉంటుందో తెలీదు, మూడు రోజుల తర్వాత సంతకమై బయటికొస్తుంది. ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ గుమాస్తా కాబట్టి మా బాబాయి దానికి "అన్నయ్య నవ్వు ఎరియర్స్" అని పేరు పెట్టాడు. డీఏ ఎరియర్స్ లాగే వస్తుందని గ్యారంటీ, ఎప్పుడొస్తుందో మాత్రం అడగకూడదు.

ఎక్కువగా గడ్డం గీసుకునేటప్పుడు వచ్చేది. గూట్లో అద్దం, పక్కన గిన్నెలో వేడినీళ్ళు, ముఖం నిండా నురగ, ఇంట్లో అంతా ఎవరి హడావిడిలో వాళ్ళుంటే ఉన్నట్టుండి పెరట్లోంచి "హుఁ... హుహుహు" అని మొదలై, చివరికి దగ్గుతో ముగిసేది. వంటింట్లోంచి అమ్మ తల కూడా తిప్పకుండా "ఏ సినిమాదండీ?" అని అరిచేది. నాన్న సినిమా పేరు చెప్పేవారు. అప్పుడు అమ్మకి ఆ సీను గుర్తొచ్చి తనూ నవ్వేది. ఆ లెక్కన మా ఇంట్లో ప్రతి జోకూ రెండుసార్లు పండేది. గీత పడ్డ చెంపకి పటిక రాసుకుంటూ నాన్న ఆఫీసుకి వెళ్ళేవారు.

అమ్మకి ఈ విషయంలో ఒక పాత బాకీ ఉంది. 1973లో, కాపరానికి వచ్చిన నెలలోపే, ఏదో హాస్యమాడిందట. నాన్న నవ్వలేదు. మూడు రోజుల పద్ధతి అప్పటికి ఆవిడకి తెలీదు కదా, చిన్నబుచ్చుకుంది. తెలిశాక ఎదురు చూసింది. మూడు రోజులు, మూడు వారాలు, అక్క పుట్టింది, నేను పుట్టాను, ఆ నవ్వు మాత్రం రాలేదు. "ఏం జోకమ్మా అది?" అని మేం ఎన్నిసార్లడిగినా "ఆయన నవ్వాక చెప్తాను" అనేది. అందులో ఒక ఇత్తడి చెంబు, మా తాతగారి చేతికర్ర ఉన్నాయని మాత్రం బామ్మ ద్వారా బయటికొచ్చింది.

మేం అప్పుడు చిక్కడపల్లిలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. బామ్మ, అమ్మ, నాన్న, అక్క, నేను, ఉద్యోగం వెతుక్కుంటున్న బాబాయి. ఒకవైపు నడిచి వెళ్తే త్యాగరాయ గానసభ, ఇంకోవైపు నడిచి వెళ్తే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో వరసగా సినిమా హాళ్ళు. ఇంతకంటే మంచి చోట ఇల్లు దొరకదని బాబాయి, ఇంతకంటే చెడిపోయే చోటు ఉండదని నాన్న. హైదరాబాద్‌లో దూరదర్శన్ 1977లో మొదలైతే మా ఇంటికి టీవీ 1986లో వచ్చింది. నాన్న అన్నిట్లోనూ కొంచెం ఆలస్యమే అని చెప్పానుగా. నలుపు తెలుపు ఈసీ టీవీ, దానికి చెక్క తలుపులు, తలుపుల మీద అమ్మ కుట్టిన గుడ్డ. అది మన ఊళ్ళో తయారైన సరుకని నాన్న గర్వపడేవారు, సరుకు మాత్రం మిద్దె మీద బాబాయి యాంటెన్నా పట్టుకుని నిలబడితే గానీ పలికేది కాదు.

శనివారం సాయంత్రం తెలుగు సినిమా. దాని మధ్యలో వార్తలొచ్చేవి, ఆ రోజులు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఠక్కున ఆపేసి, ముఖ్యమంత్రిగారు ఎక్కడ శంకుస్థాపన చేశారో చెప్పేవాళ్ళు. బామ్మ సరిగ్గా అంతకు ముందు కునుకు తీసేది. కళ్ళు తెరిచేసరికి తెర మీద వార్తలు చదివే ఆవిడ. బామ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "ఈవిడ ఎవరి తరఫే? పెళ్ళికూతురి తరఫా?" అనేది. కాదు బామ్మా, వార్తలు, అంటే నమ్మేది కాదు. "ఇందాకట్నుంచీ చూస్తున్నా, అందరి సంగతులూ చెప్తోంది, సంబంధం చెడగొట్టేది ఈవిడే చూస్కోండి" అనేది. సినిమా మళ్ళీ మొదలై, పెళ్ళి ఏ అడ్డూ లేకుండా జరిగిపోతే బామ్మకి తృప్తిగా ఉండేది కాదు. మర్నాడు పక్కవాటా వాళ్ళకి కథ చెప్పేటప్పుడు ఆ వార్తలావిణ్ణి కలుపుకునే చెప్పేది. నిజం చెప్పాలంటే కొన్ని సినిమాలు బామ్మ చెప్పినప్పుడే బాగుండేవి.

1987లో 'అహ నా పెళ్ళంట' వచ్చినప్పుడు బామ్మతో సహా ఇంటిల్లిపాదీ నడుచుకుంటూ హాలుకి వెళ్ళాం. అందులో కోట శ్రీనివాసరావు పరమ పిసినారి, కోడిని కట్టి వేలాడదీసి దాన్ని చూసుకుంటూ అన్నం తింటాడు. హాలు హాలంతా పొర్లి పొర్లి నవ్వుతోంది. జన్మలో గుడ్డు ముట్టుకోని మా బామ్మ మాత్రం ముందుకి వంగి, చాలా దిగులుగా, "ఇంతకీ ఆ కోడిని చివరికి ఎవరు తిన్నారే?" అని అక్కని అడిగింది. అక్క దగ్గర సమాధానం లేదు. ఇంటర్వెల్‌లో అడిగింది, ఇంటికొస్తూ దారంతా అడిగింది. తర్వాత ఏడెనిమిదేళ్ళ పాటు ఇంట్లో ఎప్పుడు ఆ సినిమా మాటొచ్చినా "ఆ కోడి సంగతి తేలిందా?" అనేది. తీసినవాళ్ళు ఇంత ముఖ్యమైన విషయం వదిలేశారని ఆవిడ గట్టి అభిప్రాయం. నాకూ ఇప్పటికీ ఆ సీను ఎక్కడ కనపడినా నవ్వు కంటే ముందు ఆ ప్రశ్నే వస్తుంది.

ఆ సినిమా తర్వాత మా నాన్న పొదుపుకి కూడా ఒక పేరొచ్చింది. నాన్నది పిసినారితనం అనను, జీతం అంతే, మేం అంతమందిమి. కానీ ఇన్‌లాండ్ లెటర్‌లో అంచుల్లో కూడా రాసేవారు, అరిగిపోయిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అతికించి అది అతికిందో లేదో అని పొద్దునే వెళ్ళి చూసుకునేవారు. ఇలాంటిదేదైనా కనబడితే బాబాయి మెల్లిగా "లక్ష్మీపతి" అనేవాడు, ఆ సినిమాలో పిసినారి పేరు అదే. నాన్న వినేవారు, పట్టించుకునేవారు కాదు. మూడో రోజు, అదీ చిల్లర లెక్కబెట్టుకుంటూ, ఒక్కరే కూర్చుని నవ్వేవారు. ఎందుకో మేమెవరం అడగకపోయేవాళ్ళం, అడిగితే బాబాయి దొరికిపోతాడు.

ఇప్పుడు ఆలోచిస్తే 'అహ నా పెళ్ళంట' తీసిన జంధ్యాల సినిమాలు మా ఇంట్లో అంతగా నాటుకుపోవడానికి కారణం ఇదేననిపిస్తుంది. ఆయన, మన చుట్టాల్లో ఎవరికో ఒకరికి ఉండే చిన్న పిచ్చిని పట్టుకుని, దాన్ని ఆకాశమంత చేసి చూపించేవాడు. ఒకడికి పిసినారితనం, ఒకావిడకి సినిమా కథల పిచ్చి, ఇంకొకావిడ కవితలు రాసి ఎడిటర్ ప్రాణం తీస్తుంది. ప్రతి ఇంట్లోనూ "ఇది మన ఫలానా వాడే" అనుకోడానికి ఒకడు దొరికేవాడు. నాన్నకి మాత్రం చాలా కాలం అనుమానం, 'శంకరాభరణం'కి మాటలు రాసిన జంధ్యాల, ఈ జంధ్యాల ఒకడేనా అని. ఒకడే అని బాబాయి పేపర్ తెచ్చి చూపిస్తే, "ఆఁ... అయితే కావాలనే నవ్విస్తున్నాడన్నమాట" అన్నారు. అంతకు ముందు ఏమనుకున్నారో నాకు తెలీదు.

మా అక్క 'శ్రీవారికి ప్రేమలేఖ'లో శ్రీలక్ష్మి టైపు. అందులో ఆవిడ మొగుడికి సినిమా కథ చెప్పేటప్పుడు పేర్ల దగ్గర్నుంచి మొదలుపెడుతుంది కదా, అక్క అయితే అంతకంటే ముందు, సైకిల్ స్టాండ్ నుంచి మొదలుపెట్టేది. అందరం వెళ్ళడానికి డబ్బులు చాలనప్పుడు అక్కని ఒక్కదాన్నే పిన్ని వాళ్ళతో పంపించేవాళ్ళు, అది మా ప్రతినిధి. తిరిగొచ్చి రాత్రి మిద్దె మీద చాప వేసుకుని కూర్చుని చెప్పేది, పాటలు పాడి, ఫైటింగులు చేసి, మధ్యలో ఇంటర్వెల్ ఇచ్చి మరీ. ఇంటర్వెల్‌లో వేరుశనక్కాయలు ఎవరైనా తెస్తేనే రెండో సగం. విలన్ చచ్చిపోయే చోట ఒకసారి బాబాయి నిద్రపోయాడని అక్క అలిగి క్లైమాక్స్ చెప్పడం మానేసింది. ఆ సినిమా చివర ఏమైందో నాకు నాలుగేళ్ళ తర్వాత తెలిసింది, అక్క చెప్పిన మొదటి సగానికీ దానికీ పొంతనే లేదు. దాని మీద ఇప్పటికీ గొడవ నడుస్తోంది.

సుత్తి అనే మాట గురించి చెప్పాలి. కొట్టే సుత్తి ఎప్పుడూ ఉంది గానీ, బుర్ర తినేవాణ్ణి సుత్తి అనడం 1982లో 'నాలుగు స్తంభాలాట' వచ్చాక ఊరూరా పాకింది, అందులో వేసిన వీరభద్రరావు, వేలు ఇద్దరికీ అది ఇంటిపేరై కూర్చుంది. మా ఇంటికి అలాంటి చుట్టం ఒకాయన ఉండేవారు, అమ్మకి అన్నయ్య, మా పెద్దమావయ్య. బంగారంలాంటి మనిషి, కానీ కూర్చున్నారంటే లేవరు. కాఫీ తాగుతూ రైలు టైము చెప్పడం మొదలుపెడితే ఆ రైలు బ్రిటిష్ వాళ్ళ టైములో ఎలా నడిచేదో, ఆ లైను వేసిన కాంట్రాక్టరుకి ఎంతమంది ఆడపిల్లలో, రెండో పిల్లని ఎక్కడిచ్చారో, అలా వెళ్ళిపోయేది. నాన్న ఎదురుగా కూర్చుని వినేవారు, ఆయనకి లేచి వెళ్ళే ధైర్యం లేదు. గంట దాటాక అమ్మ వంటింట్లోంచి గట్టిగా, "ఏవండీ, సుత్తి ఎక్కడ పెట్టారు?" అని అడిగేది. అది సంకేతం. నాన్న "ఉండు వెతుకుతాను" అని లేచి తప్పించుకునేవారు.

మొదటిసారి అలా అన్నప్పుడు మావయ్య కూడా పాపం లేచి, ఇల్లంతా వెతికి, గూట్లో నిజం సుత్తి కనిపెట్టి తెచ్చారు. ఇప్పుడు దాంతో ఏం చెయ్యాలి? అమ్మ తడబడి క్యాలెండర్‌కి మేకు కొట్టాలంది. మావయ్యే కొట్టారు. ఆయన వచ్చినప్పుడల్లా ఒక మేకు. రెండేళ్ళలో మా ముందుగది గోడకి పదకొండు మేకులు, ఒకే ఒక్క క్యాలెండర్. ఇంటి ఓనరు ఖాళీ చేసేటప్పుడు ఆ మేకులు లెక్కపెట్టి, ఇక్కడ ఫొటోల దుకాణం ఏమన్నా నడిపారా అని అడిగాడు.

చాలా ఏళ్ళకి, అక్క పెళ్ళిలో, మావయ్య తీరిగ్గా తాంబూలం వేసుకుంటూ నాతో అన్నారు, "ఒరేయ్, ఆ సుత్తి సంగతి నాకు రెండో మేకు దగ్గరే తెలిసిందిరా" అని. నేను సిగ్గుతో చచ్చిపోయాను. "మరి మళ్ళీ మళ్ళీ ఎందుకొచ్చారు మావయ్యా?" అంటే, "మీ అమ్మ చేతి కాఫీ మీద ఆశ. మేకు కొడితే కూలి కింద రెండో కాఫీ ఇచ్చేది" అన్నారు. ఆ తర్వాత మా ఇంటికి ఎప్పుడొచ్చినా గుమ్మంలోంచే "సుత్తి బయటికి తీశారా, లేక నన్నే తెచ్చుకోమంటారా?" అని అడిగేవారు. అమ్మ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక రెండో కాఫీ ముందే కలిపేసేది.

తిట్ల సంగతొకటి. ఇంట్లో బూతు మాట, చావు మాట వినబడితే అమ్మ నోట్లో కారం పెడతానని చెప్పి ఉంచింది, ఒకసారి పెట్టింది కూడా. కానీ అక్కా తమ్ముళ్ళు తిట్టుకోకుండా ఎలా బతుకుతారు? ఆ సినిమాల్లో వీరభద్రరావు తిట్టే పద్ధతి చూసి మాకు దారి దొరికింది, ఒక్క చెడ్డమాట లేకుండా గంట సేపు తిట్టొచ్చని. "ఉడకని కందిపప్పూ", "మూత లేని మరచెంబూ", "అరిగిపోయిన హవాయి చెప్పూ", "కరెంటు పోయాక వచ్చిన ఫ్యానూ" ఇలా సొంతంగా తయారుచేసుకునేవాళ్ళం. వాడిన తిట్టు మళ్ళీ వాడకూడదు, అది రూలు. జడ్జి బామ్మ. "మరచెంబు మొన్ననే అయిపోయింది, ఇంకోటి చెప్పు" అనేది. తిట్టు కోసం ఆలోచిస్తూ ఎందుకు కోపమొచ్చిందో మర్చిపోయేవాళ్ళం. ఒకసారి కరెంటు బిల్లు చూసి కోపమొచ్చిన నాన్న కూడా ఏదో అనబోయి, అమ్మ వైపు చూసి, చాలాసేపు వెతుక్కుని, "ట్యాలీ కాని బ్యాలెన్స్ షీటూ!" అన్నారు. బిల్లుని. బామ్మ పదికి ఎనిమిది మార్కులేసింది.

నాన్న నవ్వు ఇంట్లో ఉన్నంతవరకూ ఇబ్బంది లేదు. బయటికి వెళ్తేనే. ఒకసారి ఆఫీసులో ఆడిట్ జరుగుతోందట, పెద్దాయన ఒకరు గంభీరంగా, ఏ ఓచరు మీద ఎవరి సంతకం లేదో చదువుతున్నారట, అంతా తలలు వంచుకుని నిలబడి ఉన్నారు, సరిగ్గా అప్పుడు శనివారం నాటి సినిమా వచ్చేసింది. గది మొత్తం నిశ్శబ్దంలో మా నాన్న "హుఁ... హుహుహు". రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. నాన్నకి అబద్ధం రాయడం చేతకాదు, ఉన్నదున్నట్టు, ఫలానా శనివారం దూరదర్శన్‌లో చూసిన చలనచిత్రమందలి ఒక సన్నివేశము జ్ఞప్తికి వచ్చుటచేత, అని రాసిచ్చారు. సాయంత్రం ఆ పెద్దాయన లోపలికి పిలిచి తలుపేయమన్నారట. ఇక ఉద్యోగం పోయిందనుకుంటూ వెళ్ళి నిలబడితే, "కరెంటు పోయి నేను చివర చూళ్ళేదు, ఏమైంది?" అని అడిగారట. నాన్న చెప్పారు. ఎలా చెప్పి ఉంటారో ఊహించుకుంటే నాకు ఆ పెద్దాయన మీద జాలేస్తుంది.

దీనికంటే ఘోరం హాల్లో జరిగింది. ఆ సినిమా పేరు రాయను. మొదటి సగం నవ్వులు, రెండో సగం హీరో తల్లికి ప్రాణం మీదికొస్తుంది. మంచం, దీపం, వెనకాల వయొలిన్. మా ముందు వరసలో ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది, మా అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది, నేను కూడా గొంతు పట్టేసి ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. నాన్న భుజాలు కదలడం మొదలయ్యాయి. అమ్మ ఆ చీకట్లోనే గుర్తుపట్టి ఆయన చెయ్యి గిల్లింది. లాభం లేకపోయింది. హీరో తల్లి చివరి మాట చెప్పి తల వాల్చేసరికి హాలంతా వినబడేటట్టు నాన్న నవ్వేశారు. అది ఆ సినిమా జోకు కూడా కాదు, అంతకు ముందు శనివారానిది, ఆ వారం మరీ ఆలస్యమైంది.

ముందు వరసలో ఆవిడ గిరుక్కున తిరిగి "ఏం మనుషులండీ మీరు!" అంది. మా అందరికీ నోరు పడిపోయింది. అప్పుడు బామ్మ ముందుకి వంగి ఆవిడ భుజం మీద చెయ్యేసి, "ఏమనుకోకమ్మా, మా అబ్బాయికి ఏడుపొస్తే అలాగే ఉంటుంది" అంది. ఆవిడ ఒక్క క్షణం నాన్న వైపు చూసింది. నాన్న అప్పటికే నవ్వు ఆపుకోలేక కళ్ళ వెంట నీళ్ళు కారుస్తున్నారు. ఆవిడ ముఖం మెత్తబడిపోయి, "అయ్యో పాపం, తల్లి మీద అంత ప్రేమా" అని చేతిరుమాలు ఇచ్చింది. నాన్న అది తీసుకుని ముఖానికి అడ్డం పెట్టుకుని సినిమా అయ్యేదాకా తియ్యలేదు. ఆ రుమాలు తిరిగివ్వడం మర్చిపోయాం, చాలా రోజులు టీవీ మీద ధూళి తుడవడానికి వాడింది అమ్మ.

ఒకసారి దసరా సెలవుల్లో బాబాయి వీసీపీ, అంటే వీడియో క్యాసెట్లు వేసే పెట్టె, అద్దెకు తెచ్చాడు. కలర్ టీవీ కూడా దాంతోపాటే, ఒక రాత్రికి. అద్దె రాబట్టుకోవాలి కదా, మూడు సినిమాలు, మూడూ కామెడీలే, తెల్లవారే దాకా. పక్కవాటా వాళ్ళు, మేడ మీది వాళ్ళు, అందరూ చాపలు తెచ్చుకుని మా ముందుగదిలో. అందరూ నవ్వి నవ్వి పడుకున్నారు. అసలు కథ మూడో రోజు మొదలైంది. మూడు సినిమాల బాకీ ఒకేసారి రావడంతో ఆ వారం నాన్నని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కూరగాయల దగ్గర, బస్సులో, సంధ్యావందనంలో. బుధవారం రాత్రి ఒంటిగంటకి లేచి కూర్చుని నవ్వుతుంటే బామ్మ దిష్టి తీసింది. మేడ మీది ఆయన మెట్ల దగ్గర బాబాయిని ఆపి "మీ అన్నయ్యగారికి అంతా బానే ఉందా?" అని అడిగితే, బాబాయి "ఎరియర్స్ వచ్చాయండీ" అన్నాడు. ఆయన నిజంగానే వచ్చాయనుకుని ఇంట్లోకొచ్చి నాన్నకి శుభాకాంక్షలు చెప్పి, మర్నాడు రెండొందలు అప్పు అడిగాడు.

అమ్మకీ బామ్మకీ మధ్య పెద్ద తగాదాలేం ఉండేవి కావు, చిన్నవి రోజూ ఉండేవి. పప్పులో ఉప్పు, దీపం పెట్టే వేళ, నేను బడి నుంచి వచ్చాక ముందు కాళ్ళు కడగాలా పాలు తాగాలా. అది ముదిరే సమయానికి అమ్మ "మీరు మరీ సూర్యకాంతం అయిపోతున్నారు అత్తయ్యగారూ" అనేది. వేరే ఇంట్లో అయితే దాంతో మూడో ప్రపంచయుద్ధం. మా బామ్మ మాత్రం పొంగిపోయేది. "దాని గొంతు నాకెక్కడిదే అమ్మాయ్" అని, 'గుండమ్మ కథ'లో చెయ్యి తిప్పే తీరు చెయ్యబోయి, నడుం పట్టేసి కూర్చునేది. సూర్యకాంతం నిజంగా చాలా మంచి మనిషని, షూటింగులకి ఇంటి నుంచి వంటలు చేసి తెచ్చి అందరికీ పెట్టేదని పేపర్లో చదివినప్పుడు అమ్మ చదివి వినిపించింది. బామ్మ నమ్మలేదు కాసేపు. తర్వాత, "అయితే అదంతా నటనా? ఇన్నాళ్ళూ నేను అనవసరంగా తిట్టానన్నమాట దాన్ని" అని లెంపలేసుకుంది. 1994 డిసెంబర్‌లో సూర్యకాంతం పోయారని వార్తల్లో చెప్పినప్పుడు మాత్రం బామ్మ ఆ వార్తలావిణ్ణి ఎవరి తరఫని అడగలేదు. లేచి వెళ్ళి దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఆ తర్వాత రెండేళ్ళకి బామ్మ కూడా వెళ్ళిపోయింది, కోడి సంగతి తేలకుండానే.

2001 జూన్‌లో జంధ్యాల పోయారు. యాభై ఏళ్ళకే. పేపర్ చదివి నాన్న ఏమీ అనలేదు, మడిచి పక్కన పెట్టి ఆఫీసుకి వెళ్ళారు. ఆ శనివారం రాత్రి భోజనం దగ్గర ఉన్నట్టుండి నవ్వారు. అమ్మ అలవాటుగా "ఏ సినిమాదండీ?" అంది. నాన్న పేరు చెప్పకుండా పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నారు చాలాసేపు.

ఇప్పుడాయనకి డెబ్భై ఎనిమిది. అమ్మ, నాన్న నా దగ్గరే ఉంటున్నారు. మా అబ్బాయి ఫోన్‌లో బ్రహ్మానందం ముక్కలు చూపిస్తుంటాడు తాతకి, అర నిమిషం ముక్కలు, ఒకటి అవకముందే ఇంకోటి. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పుకునే మేష్టారు ఈయన, తెలుసా, అని నాన్న చెప్తుంటే వాడు వినడు, పైకి తోసేస్తుంటాడు. "తాతకి కామెడీ అర్థం కాదు నాన్నా, అస్సలు నవ్వడు" అని నా దగ్గర కంప్లయింట్. ఆగరా, ఇవాళ ఆదివారమేగా, అన్నాను. బుధవారం పొద్దున బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోస్తూ నాన్న మొదలుపెట్టారు. వాడు పళ్ళు తోముకుంటున్నవాడు అలాగే పరిగెత్తుకొచ్చి చూశాడు. ఎన్ని ముక్కలు చూపించాడో అన్నీ ఒకదాని వెనక ఒకటి, పావుగంట నవ్వారు నాన్న. ఇప్పుడు వాడు ఏ ముక్క ఏ రోజు చూపించాడో నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు, తారీఖుతో సహా. మా నాన్న మనవడే.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీ ఆపేసి ఉంది, ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది, నాన్న పడక్కుర్చీలో ఊరికే కిటికీలోకి చూస్తూ కూర్చున్నారు. అమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నాన్న నవ్వడం మొదలుపెట్టారు. మామూలు నవ్వు కాదు, కుర్చీ కిర్రుకిర్రుమనేంత నవ్వు. నేను కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాను. అమ్మ తలెత్తకుండా "ఏ సినిమాదండీ?" అంది.

నాన్న చేత్తో కాదని సైగ చేశారు. దగ్గు తగ్గాక, "సినిమా కాదే... ఆ చెంబు" అన్నారు.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "చెంబా?" అంది. "చెంబూ, నాన్నగారి కర్రా" అన్నారు నాన్న, అని మళ్ళీ మొదలుపెట్టారు. అమ్మ ఆయన వైపు అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత "యాభై రెండేళ్ళు పట్టిందండీ మీకు" అని, చిక్కుళ్ళ చేట పక్కకి తోసి లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళింది. వంటింట్లోంచి ఆవిడ నవ్వు కూడా వినబడింది, గిన్నెల చప్పుడులో.

అక్కకి వెంటనే ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టి, అందరం కూర్చున్నాక, మాట ప్రకారం అమ్మ ఆ జోకు చెప్పింది. నాన్న మధ్యమధ్యలో అందిస్తూ. మొత్తం విన్నాం. నాకు నవ్వు రాలేదు. మా ఆవిడ మర్యాదకి చిరునవ్వు నవ్వింది. అక్క అటు నుంచి "ఇంతేనా?" అంది. మా అబ్బాయి ఏమీ అనకుండా వెళ్ళి నోట్‌బుక్‌లో తారీఖు రాసుకున్నాడు. ఇక్కడ రాస్తే ఊరుకోనని అమ్మ అంది కాబట్టి రాయడం లేదు, రాసినా మీకూ అంతే.

ఇవాళ బుధవారం. పొద్దున వాణ్ణి బడికి తయారవమని బాత్‌రూమ్ తలుపు కొడుతుంటే, లోపల నీళ్ళు పడుతున్న చప్పుడు ఆగి, "హుఁ... హుహుహు" అని వినబడింది.